మామూలు సైకిల్‌కు కరెంటు మోటారు: మొదటి నట్టు నుంచి మొదటి సవారీ దాకా

విజయవాడ భవానీపురంలో సైకిల్ తొక్కేవాళ్లను ఇబ్బంది పెట్టేవి ఎండా, దూరమూ. కృష్ణ ఒడ్డున నేల చదునుగానే ఉంటుంది. గొల్లపూడి వైపు వెళ్లినా, కుమ్మరిపాలెం సెంటర్ మీదుగా ఊళ్లోకి వెళ్లినా పెద్ద ఎత్తులేమీ తగలవు. అయితే ఇక్కణ్నుంచి ఆటోనగర్‌కు పనికెళ్లే మనిషి రానూపోనూ దాదాపు 20 కిలోమీటర్లు తొక్కాలి. మే నెలలో అది మాటలు కాదు. అలాంటివాళ్ల కోసమే ఈ పని నేర్పుతున్నాను. ఇంట్లో ఉన్న సైకిల్‌కే ఒక కిట్ బిగించి, తొక్కుడులో సగం బరువు మోటారు మీద వేద్దాం.

ఇంతవరకూ సైకిల్ చక్రం కూడా ఊడదీయని వాళ్లను దృష్టిలో పెట్టుకునే చెబుతున్నాను. ఒక ఆదివారం పూర్తిగా కేటాయించండి. ఈ పనిలో మూడొంతులు సైకిల్ పనే, కరెంటు పని ఒక వంతే. సైకిల్ పని గట్టిగా చేస్తే కరెంటు పని దానంతటదే కుదురుతుంది. అది వదులుగా ఉంటే ఎంత మంచి మోటారైనా ప్రమాదమే.

ముందు సైకిల్‌ను చూద్దాం

అన్ని సైకిళ్లూ దీనికి పనికిరావు. పాతకాలపు 22 అంగుళాల ఫ్రేము, కడ్డీ బ్రేకుల సైకిల్ ఎంత దృఢంగా ఉన్నా మొదటిసారికి దాన్ని పక్కన పెడదాం. దాని టైరు 28×1½ కొలత. ఆ కొలత రిమ్ముతో మోటారు చక్రం దొరకడం కష్టం. పైగా కడ్డీ బ్రేకు ఉన్న చోట కిట్‌తో వచ్చే బ్రేకు లివర్లు పట్టవు.

మనకు కావలసింది 26 అంగుళాల చక్రాలు, ఇనుప ఫ్రేము, వైరు బ్రేకులు ఉన్న గేర్లు లేని సైకిల్. కాలనీల్లో పిల్లలు కాలేజీకి వెళ్లి వదిలేసినవి ఇలాంటివే ఎక్కువ. ఫ్రేము అతుకుల దగ్గర తుప్పు గీరి చూడండి. పెయింటు కింద వెంట్రుకంత పగులు కనిపించినా ఆ ఫ్రేము వద్దు. వెనక చక్రం తీశాక ఇరుసు కూర్చునే రెండు గాళ్ల మధ్య వెడల్పు కొలవండి. చక్రం నడిమధ్య (హబ్‌లో) ఉండే మోటార్లు చాలావాటికి 135 మి.మీ. కావాలి. ఇనుప ఫ్రేములో ఐదారు మిల్లీమీటర్లు తక్కువైతే చేత్తో కొద్దిగా విడదీసి ఇరుసును కూర్చోబెట్టొచ్చు. అల్యూమినియం ఫ్రేమును మాత్రం ఎప్పుడూ అలా లాగకండి. అది వంగదు, పగులుతుంది.

ఏ కిట్ కొనాలి?

దుకాణంలో మూడు రకాలు చూపిస్తారు: ముందు చక్రం హబ్‌లో మోటారు, వెనక చక్రం హబ్‌లో మోటారు, ఫ్రేము పక్కన బిగించి చైనుతో తిప్పే మోటారు. మూడోది చవక. కానీ చప్పుడు ఎక్కువ, రెండో చైను సరిచూసుకోవడం ఇంకో పని. ముందు చక్రానిది బిగించడం అన్నిటికన్నా తేలిక. అయినా కొత్తవాళ్లకు నేను వెనక చక్రమే చెబుతాను. మోటారు తోపుకి ఇరుసు గాడిలోంచి జారితే వెనక చక్రం దగ్గర బండి ఆగిపోతుంది. అదే ముందు చక్రమైతే మనిషి హ్యాండిల్ మీదుగా పడతాడు.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. అమెరికాలోని ఒహాయోకు చెందిన ఆగ్డెన్ బోల్టన్ 1895 డిసెంబరు 31న పేటెంటు పొందిన సైకిల్‌లోనూ మోటారు వెనక చక్రం హబ్‌లోనే ఉంది, బ్యాటరీ ఫ్రేము మధ్య వేలాడింది. బరువు అక్కడుంటేనే బండి నిలకడగా పోతుంది. మనమూ అలాగే పెడదాం.

శక్తి విషయంలో ఆశపడొద్దు. 36 వోల్టుల, 250 వాట్ల గేర్ హబ్ మోటారు ఈ చదును నేలకు చాలు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు ముప్పై నిమిషాల సామర్థ్యం 0.25 కిలోవాట్‌కు లోపు, వేగం గంటకు 25 కి.మీ. లోపు ఉంటేనే రిజిస్ట్రేషన్, లైసెన్సు లేకుండా నడపొచ్చు. ముందు తెల్ల రిఫ్లెక్టరు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఉండాలి. మోటారు ఈ హద్దులోనే ఉందని టెస్టింగ్ సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్ ప్రతిని కిట్ కొనేటప్పుడే అడిగి తీసుకోండి. 500, 1000 వాట్లవి కూడా అమ్ముతారు. వాటిని బిగిస్తే మీ సైకిల్ చట్టం దృష్టిలో మోటారు వాహనమే. దాని బ్రేకులూ ఫ్రేమూ మాత్రం సైకిల్‌వే.

బ్యాటరీ దగ్గర లెక్క వేసుకుందాం. 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు అంటే 360 వాట్ అవర్లు. కాలు కూడా ఆడిస్తూ వెళ్తే కిలోమీటరుకు సుమారు 12 వాట్ అవర్లు పడుతుంది కాబట్టి 30 కి.మీ. వస్తుంది. ఆటోనగర్ వెళ్లి వచ్చాక కూడా కొంత మిగులుతుంది. నిండా ఛార్జి చేసినా ఇంటి మీటరులో అర యూనిట్ లోపే తిరుగుతుంది. మొత్తం ఖర్చులో పెద్ద వాటా బ్యాటరీదే, అయినా అక్కడ చవక చూడొద్దు. లోపల సెల్లులను కాపాడే బీఎంఎస్ బోర్డు, మీద తయారీదారు పేరు, సీరియల్ నంబరు, చేతిలో వారంటీ కాగితం ఉండాలి. పాత లాప్‌టాప్ సెల్లులు అతికించి ఇచ్చేవాటి జోలికి పోకండి.

కావలసినవి

కిట్ పెట్టె విప్పగానే ఇవన్నీ ఉన్నాయో లేదో సరిచూసుకుందాం: స్పోకులు అల్లిన మోటారు చక్రం, కంట్రోలరు, కరెంటు ఆపే స్విచ్ ఉన్న బ్రేకు లివర్లు రెండు, బొటనవేలి థ్రాటిల్, చిన్న డిస్‌ప్లే, పెడల్ అసిస్ట్ సెన్సరు (అయస్కాంతాల చక్కీతో), బ్యాటరీ, దాని పట్టీ, తాళాలు, ఛార్జరు.

బయట కొనాల్సినవి:

- కొత్త ఫ్రీవీల్. పాత చక్రానిది ఊడదీయడానికి ప్రత్యేక పనిముట్టు కావాలి, ధర చూస్తే కొత్తదే నయం.
- టార్క్ ఆర్మ్ రెండు. ఇరుసు తిరగకుండా ఫ్రేముకు పట్టి ఉంచే ఇనుప రేకు ఇది. కిట్‌లో లేకపోతే ఆటోనగర్‌లో లేత్ షాపువాళ్లకు ఇరుసు చూపించి 5 మి.మీ. మందం రేకులో కోయించుకోవచ్చు.
- కొత్త బ్రేకు కట్టలు నాలుగు, బ్రేకు వైర్లు రెండు.
- పక్కన బిగించే సైడ్ స్టాండు. ఎందుకో మూడో మెట్టులో చెబుతాను.

పనిముట్లు: పానాల సెట్టు (15, 18 మి.మీ. తప్పనిసరి), అలెన్ కీలు, ఆకురాయి, సుత్తి, కటింగ్ ప్లేయరు, ప్లాస్టిక్ కేబుల్ టైలు, గ్రీజు, మల్టీమీటరు. మల్టీమీటరు ఎప్పుడూ పట్టుకోకపోయినా ఫరవాలేదు. దానితో మనం చూసేది వోల్టేజీ ఒక్కటే.

పద్ధతి

1. బ్రేకులతో మొదలుపెడదాం. కిట్ పెట్టె ఇంకా పక్కనే ఉండనివ్వండి. పాత బ్రేకు కట్టలు తీసేసి కొత్తవి వేద్దాం. మోటారు, బ్యాటరీ కలిపి ఆరేడు కిలోలు పెరుగుతుంది, వేగమూ పెరుగుతుంది. ముందు చక్రం బెండు తీయించండి, హ్యాండిల్ కోన్లు బిగించండి. ముందు బ్రేకు నొక్కిపట్టి సైకిల్‌ను ముందుకు వెనక్కు కదిపితే హ్యాండిల్ మెడ దగ్గర టకటకమనకూడదు.

2. ఫోటోలు తీసుకోండి. వెనక ఇరుసు రెండు వైపులా, చైను, మడ్‌గార్డు కడ్డీలు ఎలా బిగించి ఉన్నాయో ఫోనులో తీసి ఉంచండి. వాచరు వరస సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు.

3. వెనక చక్రం తీద్దాం. కింద గోనెసంచి పరిచి సైకిల్‌ను తలకిందులు చేయండి. రెండు నట్లూ విప్పి, చైను పళ్ల మీంచి తప్పించి, చక్రాన్ని లాగండి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన సైకిళ్లలో డబుల్ స్టాండు, మడ్‌గార్డు కడ్డీలు, క్యారేజీ కాళ్లు, చైను టైటు చేసే కొక్కేలు అన్నీ వెనక ఇరుసుకే తగిలించి ఉంటాయి. మోటారు ఇరుసు 12 మి.మీ. లావు, అవి దానికి ఎక్కవు. బెజ్జం పెద్దది చేసి ఎక్కించినా వాటి మందంవల్ల నట్టుకు మర చాలదు, నాలుగు చుట్లే పడుతుంది. అది చాలా ప్రమాదం. అందుకే డబుల్ స్టాండు తీసేసి సైడ్ స్టాండు వేద్దాం. మడ్‌గార్డు, క్యారేజీ కాళ్లను ఫ్రేము గొట్టానికి క్లాంపులతో బిగిద్దాం.

4. టైరు మార్చి, ఫ్రీవీల్ ఎక్కిద్దాం. పాత చక్రం టైరు, ట్యూబు మోటారు చక్రానికి వేయండి. రిమ్ము లోపల రబ్బరు పట్టీ ఉందో లేదో వేలితో తడిమి చూడండి. లేకపోతే స్పోకు మొన ట్యూబును పొడుస్తుంది. మోటారు కుడివైపు మరకు గ్రీజు రాసి ఫ్రీవీల్‌ను చేత్తోనే తిప్పండి. మొదటి రెండు చుట్లు తేలిగ్గా తిరగాలి. బిగుసుకుంటే మర అడ్డంగా ఎక్కుతున్నట్టు, విప్పి మళ్లీ పెట్టండి. పూర్తి బిగింపు తొక్కుతుంటే అదే వస్తుంది.

5. చక్రాన్ని కూర్చోబెడదాం. ఈ మెట్టు మీద ఎంత సేపు గడిపినా దండగ కాదు. మోటారు ఇరుసుకు రెండు వైపులా చదును చేసి ఉంటుంది, ఆ చదును గాడిలో దిగాలి. దిగకపోతే గాడిలో అడ్డొచ్చిన పెయింటును ఆకురాయితో కొద్దికొద్దిగా రాసి చూడండి. ఒక్కసారే ఎక్కువ రాస్తే గాడి వదులైపోతుంది.

ఇరుసు గాడి మొదలు దాకా వెళ్లాలి. ముక్కు ఉన్న వాచరును ముక్కు గాడిలో దిగేలా పెట్టండి. తర్వాత టార్క్ ఆర్మ్, దాని మీద నట్టు. ఒకవైపు పూర్తిగా బిగించి రెండోవైపు వెళ్లకండి, అటూ ఇటూ మార్చి మార్చి బిగించండి. చివరి బిగింపు 35 నుంచి 40 న్యూటన్ మీటర్లు ఉండాలి. టార్క్ రెంచి లేకపోతే అడుగు పొడవు పానాతో గట్టిగా, కుదుపు లేకుండా నొక్కండి. టార్క్ ఆర్మ్ రెండో కొసను ఫ్రేము గొట్టానికి క్లాంపుతో పట్టించాకే ఈ మెట్టు పూర్తయినట్టు.

ఇరుసులోంచి వచ్చే వైరు నేలవైపు చూసేలా ఉండాలి. పైకి చూస్తే వానలో నీళ్లు వైరు వెంట మోటారులోకే దిగుతాయి.

6. చైను. మధ్యలో వేలితో నొక్కితే అర అంగుళం దిగాలి. టైటుగా ఉంటే పెడల్ ఈడ్చినట్టు తిరుగుతుంది.

7. హ్యాండిల్ పని. సైకిల్‌ను ఇప్పుడు నిలబెడదాం. గ్రిప్పులు, పాత బ్రేకు లివర్లు తీసి కిట్‌లోవి ఎక్కిద్దాం. లివరు కొద్దిగా లాగగానే మోటారుకు కరెంటు ఆగుతుంది. ఈ కొత్త లివర్లను వదిలేసి పాతవాటితోనే సరిపెడుతుంటారు కొందరు మెకానిక్కులు. ఒప్పుకోకండి. థ్రాటిల్ కుడి బొటనవేలికి అందాలి, బ్రేకు లివరుకు తగలకూడదు. వదలగానే అదే వెనక్కి రావాలి.

8. పెడల్ సెన్సరు. ఎడమ క్రాంకు తీయాలి. పాత తరహా కాటర్ పిన్ను ఉంటే నట్టును పూర్తిగా తీయకుండా కొసన ఉంచి, దాని మీద సుత్తితో ఒకే గట్టి దెబ్బ వేయండి. నట్టు తీసేసి కొడితే పిన్ను మర చెడిపోతుంది. చదరపు ఇరుసు రకమైతే క్రాంకు పుల్లరు ఉన్న సైకిల్ షాపుకు వెళ్లండి, నిమిషాల పని. అయస్కాంతాల చక్కీ మీద బాణం గుర్తు పెడల్ తిరిగే దిశలో ఉండాలి. చక్కీకీ సెన్సరుకూ మధ్య 2 నుంచి 3 మి.మీ. ఖాళీ చాలు. తగిలితే అరిగిపోతుంది, దూరమైతే పనిచేయదు.

9. బ్యాటరీ, కంట్రోలరు చోటు. బ్యాటరీ పట్టీ ఫ్రేము త్రికోణంలో, కిందిగొట్టం మీద. నీళ్ల సీసా బెజ్జాలు లేకపోతే ఫ్రేముకు డ్రిల్లు వేయకండి, ఆ బెజ్జం దగ్గరే గొట్టం పగులుతుంది. ఇనుప క్లాంపులు వాడదాం, గొట్టానికీ క్లాంపుకూ మధ్య పాత ట్యూబు ముక్క పెడదాం. వెనక క్యారేజీ మీద పెట్టడం సులువే, కానీ గతుకుల్లో దెబ్బలన్నీ బ్యాటరీకే తగులుతాయి. కంట్రోలరు వైర్ల మూతి కిందికి ఉండేలా, గాలి తగిలే చోట బిగించండి.

10. వైర్లు కలుపుదాం. బ్యాటరీ ఇంకా పెట్టలేదు. ఈ వరస మారకూడదు: మోటారు, సెన్సరు, లివర్లు, థ్రాటిల్, డిస్‌ప్లే, అన్నీ అయ్యాక చివర బ్యాటరీ. గుండ్రటి కనెక్టర్ల మీద రెండు బాణాలుంటాయి. వాటిని ఎదురెదురుగా పెట్టి తిన్నగా తొయ్యండి, మెలితిప్పకండి. తిప్పితే లోపలి సన్నని పిన్నులు వంగుతాయి. విడి వైర్ల కిట్ అయితే లావు వైర్లు మూడు (పసుపు, ఆకుపచ్చ, నీలం), సన్నవి ఐదు. ముందు రంగుకు రంగు కలపండి.

బ్యాటరీ కలిపే ముందు మల్టీమీటరు డీసీ 200 దగ్గర పెట్టి చూద్దాం. 36 వోల్టుల లిథియం అయాన్ బ్యాటరీ నిండుగా ఉంటే 42 చూపుతుంది. అంకె ముందు మైనస్ కనిపిస్తే మీ ఎర్ర ప్రోబ్ నెగటివ్ వైరు మీద ఉన్నట్టు. పాజిటివ్ వైరు ఏదో తేల్చుకున్నాకే కలపండి. తారుమారైతే కంట్రోలరు ఆ క్షణమే పోతుంది, బాగుచేయడం కుదరదు.

11. గాలిలో తిప్పి చూద్దాం. వెనక చక్రం నేలకు తగలకుండా ఫ్రేమును స్టూలు మీద ఆనించండి. చీర కొంగు, పంచె, పిల్లల వేళ్లు దూరంగా ఉండాలి. స్విచ్ వేసి థ్రాటిల్ కొద్దిగా నొక్కండి. చక్రం ముందుకే, కుదుపు లేకుండా తిరగాలి. వణుకుతూ ఆగితే ఏదో కనెక్టరు సరిగా దిగలేదు. వెనక్కి తిరిగితే లేదా చక్రం కదలకుండా లోపల మోటారొక్కటే తిరిగితే, కంట్రోలరులో రెండు తెల్ల వైర్లున్నాయేమో చూడండి. చాలా రకాల్లో అవి దిశ నేర్పడానికే. చక్రం సరైన వైపు తిరిగేదాకా కలిపి, తర్వాత విడదీయాలి. ఇప్పుడు చక్రం తిరుగుతుండగా ఒక్కో బ్రేకు లివరూ లాగండి. రెండింటితోనూ మోటారు ఆగాలి.

నట్లు బిగించకుండా ఈ పరీక్ష ఎప్పుడూ చేయకండి. పట్టు లేకపోతే చక్రానికి బదులు ఇరుసే తిరిగి, మోటారు వైరు మెలిపడి తెగుతుంది.

12. కట్టేద్దాం. అన్నీ సరిగా పనిచేశాకే కేబుల్ టైలు. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి, వైరు లాగుకోకుండా వదులు ఉంచండి. డిస్‌ప్లే సెట్టింగులో వేగ పరిమితి 25కు లోపు పెట్టండి.

మొదటి సవారీ

పొద్దున్నే ఆరింటికి పున్నమి ఘాట్ వైపు ఖాళీ రోడ్డు మీద వెళ్దాం. మొదటి పది నిమిషాలు మోటారు ఆపి తొక్కండి, బరువుకు చెయ్యి అలవాటు పడాలి. తర్వాత అసిస్ట్ ఒకటో మెట్టు. ఆగిన చోటి నుంచి కదిలేటప్పుడు ముందు రెండు తొక్కులు తొక్కి అప్పుడు థ్రాటిల్ తాకండి. అలా చేస్తే బ్యాటరీ మీద భారం తగ్గుతుంది. కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కాలని మనసు లాగుతుంది, కానీ వద్దు. లారీలు, బస్సుల వేగం పక్కన మనది 25. ఇంద్రకీలాద్రి కింద పాత రోడ్డే మనది. అవతలి ఒడ్డుకు వెళ్లాలంటే ప్రకాశం బ్యారేజీ ఉంది, అక్కడ ఎత్తూ లేదు.

తరచుగా జరిగే తప్పులు

*థ్రాటిల్ మీదే నడపడం.* కాలు ఆడించకపోతే 30 కి.మీ. రావలసింది బాగా తగ్గుతుంది. మోటారు తోడు మాత్రమే.

*నీళ్లతో కడగడం.* సర్వీసింగ్ షాపులో ప్రెషరు గన్ను పెట్టించకండి. తడిగుడ్డ చాలు. వానలో వెళ్లొచ్చు గానీ, హబ్ మునిగే నీళ్లలో దించకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు మునిగిన సంగతి మనకు తెలుసు. వాన ముదురుతుందంటే బ్యాటరీని పట్టీ నుంచి తీసి పై అంతస్తులో పెట్టండి. ఒకసారి నీట మునిగిన బ్యాటరీని ఆరబెట్టి ఛార్జి చేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

*పడకగదిలో ఛార్జింగ్.* దీన్ని మాత్రం రెండుసార్లు చదవండి. 2022 ఏప్రిల్‌లో మన విజయవాడలోనే పడకగదిలో రాత్రి ఛార్జింగ్ పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఒకరు చనిపోయారు. మన సైకిల్ బ్యాటరీ చిన్నదైనా లోపలి రసాయనం అదే జాతిది. మెలకువగా ఉన్నప్పుడే, వరండాలో, సిమెంటు గచ్చు మీద పెట్టండి. గుమ్మానికి అడ్డంగా వద్దు, మంట లేస్తే బయటికి దారి ఉండాలి. పక్కన పరుపు, గ్యాసు సిలిండరు, పాత పేపర్లు ఉండకూడదు. 2 ఆంపియర్ల ఛార్జరుతో ఐదారు గంటలు పడుతుంది, ఆకుపచ్చ లైటు రాగానే తీసేయండి.

*ఎండలోంచి వచ్చి వెంటనే ఛార్జి పెట్టడం.* ఇక్కడ మే నెలలో 45 డిగ్రీలు కొత్త కాదు. నీడలో అరగంట ఉంచి, చేత్తో తాకితే మామూలుగా అనిపించాకే ప్లగ్గు పెట్టండి.

*వేరే ఛార్జరు వాడడం.* పిన్ను పట్టింది కదా అని పక్కింటి స్కూటరుది వాడకండి. మన లిథియం అయాన్‌కు 42 వోల్టులు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ 36 వోల్టుల రకాలు చాలావాటికి 43.8. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, సెల్లును చెడగొట్టడానికి అంత చాలు.

*ఉబ్బిన బ్యాటరీని వాడుతూ ఉండడం.* పెట్టె ఉబ్బినా, తియ్యటి ఘాటు వాసన వచ్చినా వెంటనే ఆరుబయట పెట్టి, అమ్మినవాళ్లకు కబురు చేయండి. మనమే విప్పకూడదు.

తర్వాత చూసుకోవలసింది

మొదటి 50 కి.మీ. అయ్యాక ఇరుసు నట్లు మళ్లీ పానాతో పట్టి చూడండి, తప్పకుండా కొద్దిగా తిరుగుతాయి. కొత్త మోటారు చక్రం స్పోకులు కూడా అప్పటికి సర్దుకుని వదులవుతాయి. రెండేసి పట్టుకుని నొక్కితే ఏదైనా మిగతావాటికన్నా మెత్తగా వంగితే, సైకిల్ షాపులో బెండు తీయించి బిగించమనండి. ఆ తర్వాత నెలకోసారి నట్లు, రెండు నెలలకోసారి బ్రేకు కట్టలు. ఊరెళ్లి నెలల తరబడి వాడనప్పుడు బ్యాటరీని సగం ఛార్జితో, చల్లటి చోట, సైకిల్ నుంచి తీసి విడిగా ఉంచండి.